సగం మొహం

ఆ పని చేతికి వచ్చినప్పుడు రంగులక్కకి భయమేమీ వెయ్యలేదు. ఆమె చేతి కింద ఎన్ని మొహాలు తయారవలేదు గనక. రాణులు, రాక్షసులు, కత్తులు పట్టుకున్న ముసలాళ్ళు, మూడు కళ్ళ గుర్రాలు... ఆటలు తయారుచేసే కంపెనీలు ఏది అడిగితే దానికి చర్మం వేసి పంపేది. కంప్యూటర్లో బొమ్మ ఆకారాన్ని ఒకళ్ళు చేస్తారు. దానికి ఒంటి రంగు, మచ్చలు, ముడతలు, ముక్కు మీద చెమట మెరుపు, ఇవన్నీ అద్దేది ఈమె. అందుకే ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ రంగులక్క అయిపోయింది. అసలు పేరు తలుపు దగ్గర హాజరు వేసుకునే మిషనుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆకారం చేసేవాడు మట్టిబాబు. వాడు జన్మలో మట్టి ముట్టుకున్నవాడు కాదు, అంతా తెరమీదే. అయినా కంప్యూటర్లో ముద్ద పిసికినట్టు పిసుకుతాడని ఆ పేరు పెట్టారు. రంగులక్కని సొంత అక్కలాగే చూసేవాడు, సొంత అక్కని ఏడిపించినట్టే ఏడిపించేవాడు.

ఈ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పాలంటే, టేబుల్ మీద నల్లటి పలక ఒకటి ఉంటుంది. చేతిలో సిరా లేని పెన్ను. గీసేది పలక మీద, రంగు పడేది ఎదురుగా తెర మీద. కొత్తవాళ్ళు చేతి వంక చూసుకుంటూ గీస్తే గీత ఎటో కొట్టుకుపోతుంది. రంగులక్క తన చేతి వంక చూసుకుని ఏళ్ళయింది. పెన్ను గట్టిగా నొక్కితే రంగు చిక్కగా పడుతుంది, తేలిగ్గా పట్టుకుంటే పొగలా పడుతుంది. గోడకి సున్నం కొడుతున్నామా, చంటిపిల్లకి పౌడరు అద్దుతున్నామా అన్నది వేలికే తెలియాలి అనేది ఆమె.

ఈసారి వచ్చింది ఆటల బొమ్మ కాదు. ఆఫీసు యజమానిని అందరూ పెద్దసారు అంటారు. ఆయన పోలీసుల దగ్గర్నుంచి ఒక పని ఒప్పుకొచ్చాడు. ఎక్కడో కాలవ తవ్వుతుంటే ఒక ఎముకల గూడు బయటపడిందట. ఆడమనిషి. పాతికేళ్ళు దాటి ఉంటాయి, ముప్ఫై నిండి ఉండవు అన్నారు డాక్టర్లు. నేలలో పడి కొన్నేళ్ళయింది. బట్టా లేదు, గాజూ లేదు, ఎవరో తెలిసే దారి లేదు. పుర్రెని స్కాన్ చేసి పంపారు. దాని మీద మట్టిబాబు లెక్క ప్రకారం కండ పరిచి, చర్మం కప్పి మొహం ఆకారం తెచ్చాడు. ఇక దానికి ప్రాణమున్న మనిషిలా రంగు వెయ్యాలి. ఆ బొమ్మని పేపర్లలో, ఫోన్లలో తిప్పుతారు. ఎవరైనా చూసి 'మా పిల్లలా ఉందే' అని వస్తే అప్పుడు రక్తం తీసి పోల్చి చూస్తారు.

పెద్దసారు ఒక్క షరతు పెట్టాడు. ఎవరి ఫోటో ముందు పెట్టుకోవద్దు. ఎముక ఎంత చెబితే అంతే, మన సొంత కవిత్వం వద్దు అన్నాడు.

రంగులక్క అలాగే మొదలుపెట్టింది. చర్మం అంటే ఒకటే రంగని అనుకుంటాం గాని కాదు. నుదురు కాస్త పసుపు. బుగ్గలు, ముక్కు, చెవులు ఎరుపు. గడ్డం చుట్టూ కంటికి ఆనీ ఆననంత నీలం. వీటి మీద గోధుమ రంగు పల్చగా పరుస్తూ పోతే అప్పుడు మనిషి కనపడుతుంది. అద్దం బటన్ నొక్కి పెట్టుకుంటే ఒక బుగ్గ మీద వేసిన రంగు రెండో బుగ్గ మీద దానంతటదే పడుతుంది. సగం చాకిరీ తప్పుతుంది. రెండ్రోజులు అలాగే వేసింది. మొహానికి రంగొచ్చింది, పెదాలకి తడొచ్చింది, కనుబొమ్మలొచ్చాయి.

ఆ మధ్యాహ్నం కప్పు కడుక్కుందామని లేచి వెళ్ళింది. తిరిగి వస్తూ గుమ్మంలోంచి, అంత దూరం నుంచి, తన తెర వంక చూసింది.

తెర మీద చెల్లి ఉంది.

చేతిలో కప్పు జారిపోతుంటే రెండో చేత్తో పట్టుకుంది. ఎవరూ చూడలేదు. గోడ పట్టుకుని కుర్చీ దాకా నడిచింది. దగ్గరికెళ్తే మళ్ళీ ఏమీ లేదు, ఎరుపు, పసుపు, చర్మం మీది చిన్న చిన్న చుక్కలు. వెనక్కి జరిగితే చెల్లి. కింది పెదవి కొంచెం ముందుకు, ఏదో అడగబోయి మానేసినట్టు. ఇంట్లో చెల్లి మొహం ఎప్పుడూ అలాగే ఉండేది.

ఆ పిల్ల వేరే ఊళ్ళో బట్టల షోరూములో పని దొరికిందని వెళ్ళింది. మొదట్లో రోజూ ఫోను. తర్వాత తర్వాత వారానికోసారి. షోరూము మారానంది, గది మారానంది. ఓ రోజు ఫోను స్విచ్చాఫ్. ఇంట్లో పోట్లాట లేదు, అలక లేదు. కంప్లైంటు ఇచ్చారు, ఆ ఊరు వెళ్ళి సందు సందూ తిరిగారు. చూశామన్నవాడు లేడు, చూడలేదన్నవాడు కూడా గట్టిగా అనలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. అమ్మ మాత్రం ఆ నంబరుకి రీచార్జి చేయిస్తూనే ఉంది, నంబరు ఇంకొకళ్ళ చేతికి పోకూడదని. నంబరు బతికుంటే పిల్ల బతికున్నట్టే అని ఆవిడ ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు. అయినా ఆ ఇంట్లో ఆ మాట వినపడుతూనే ఉంటుంది.

రంగులక్క ముందు తన చెయ్యినే అనుమానించింది. బొమ్మలు వేసేవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. ఎవర్ని వేసినా ఇంట్లోవాళ్ళ పోలికలు దిగిపోతాయి. ఆమె వేసిన రాణులకి అమ్మ చెవులున్నాయని మట్టిబాబు ఎన్నిసార్లు వెక్కిరించలేదు. ఇదీ అంతే, నా చేతి జబ్బే, ఎముక చెప్పింది కాదు, అనుకుంది. అనుకుని పెదవి చెరిపి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే పెదవి. ముక్కు పక్క నీడ తగ్గించింది. ఇంకా చెల్లిలాగే అయింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కుతోందో ఆమెకే తెలియడంలేదు. బుగ్గ మీద రంగు కమిలిన దెబ్బలా ముద్దగా పడింది. ఆ దెబ్బ చూసి ఇంకా భయపడి గబగబా చెరిపేసింది.

చెయ్యి తప్పా, ఎముక నిజమా? చెయ్యి తప్పయితే బొమ్మ పాడైనట్టు. ఎముక నిజమైతే...

ఆ వాక్యాన్ని ఆమె మనసులో కూడా పూర్తి చెయ్యలేదు. నా రక్తం ఇస్తాను, పోల్చి చూడండి అని అడగొచ్చు. కానీ అది తేలేసరికి నెలలు పడుతుంది. అన్నాళ్ళూ అమ్మ ముందు కూర్చుని అన్నం ఎలా తినడం? చెబితే అమ్మ ప్రాణం పోతుంది, చెప్పకపోతే తన ప్రాణం పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి.

సరిగ్గా అప్పుడే పెద్దసారు వెనక నిలబడి చూశాడు. ఆయన మెచ్చుకోవడం ఆ ఆఫీసులో అరుదు. "ప్రాణం పోశావమ్మా," అన్నాడు. "ఇప్పుడే లేచి మాట్లాడేలా ఉంది."

రంగులక్క తెర వంకే చూస్తూ తలూపింది. థాంక్స్ సార్ అందో లేదో ఆమెకే తెలీదు. కళ్ళకి మెరుపు పెట్టేస్తే ఎల్లుండి పంపేద్దామని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి కూర్చుంది. రంగు వేసేటప్పుడు బొమ్మ మీద వెలుతురు ఆపేస్తారు, లేకపోతే నీడని రంగనుకుని మోసపోతారు. అన్నాళ్ళూ ఆమె ఆ మొహాన్ని వెలుతురు లేకుండానే చూసింది. ఇప్పుడు పని చివరికొచ్చింది గనక పక్క నుంచి లైటు పడేలా పెట్టింది. పెట్టి కనుబొమ్మల దగ్గరికి దగ్గరగా వెళ్ళింది.

కనుబొమ్మ మధ్యలో ఒక సొట్ట ఉంది.

చెల్లి చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి దొర్లి పడితే ఇనప గేటు అంచు కనుబొమ్మకి కొట్టుకుంది. లోపల ఎముకే సొట్టపోయింది. గాయం మానాక బొటనవేలు పెడితే సరిగ్గా కూర్చునేంత గుంట మిగిలింది. పెద్దయ్యాక దాన్ని పెన్సిలుతో దిద్ది కప్పేసుకునేది. ఇంట్లోవాళ్ళకి తప్ప తెలీదు.

ఇది చేతి జబ్బు కాదు. రంగు కాదు. ఆకారం. ఎముక చెప్పిన మాట.

పెన్ను కింద పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ తీసుకుని బొమ్మని రెండో పక్కకి తిప్పింది. ఆ కనుబొమ్మలోనూ సొట్ట ఉంది. అంతే లోతు, అదే చోట.

అప్పుడు ఆమెకి ఊపిరొచ్చింది. చెల్లికి ఒక కనుబొమ్మకే కదా దెబ్బ. ఈమెకి రెండు వైపులా ఉంది. ఈమె వేరే. పుట్టుకతోనే అలాంటి ఎముక అయ్యుంటుంది. చెల్లి కాదు. కాదు, కాదు అనుకుంటూ నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టేలోపే ఆ ఊపిరి మళ్ళీ ఆగిపోయింది.

ఏళ్ళ తరబడి మొహాలు వేసిన మనిషి ఆమె. ఏ మనిషికీ రెండు పక్కలూ ఒకేలా ఉండవని ఆమెకి తెలుసు. ఒక కన్ను కాస్త కిందికి, ఒక చెవి కాస్త బయటికి, తప్పదు. ఈ రెండు సొట్టలు మాత్రం గీతకి గీత ఒకటే. దేవుడు కూడా అలా చెయ్యడు. అలా చేసేది అద్దం బటన్ ఒక్కటే.

మట్టిబాబు ఆ రోజు సెలవు. కూతుర్ని పళ్ళ డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళాడు. ఫోను చేస్తే, వెనకాల పిల్ల ఏడుపు వినిపిస్తుండగానే ఎత్తాడు. ఆమె మెల్లగా విషయం అడిగింది.

"అవునక్కా, అద్దం కొట్టా," అన్నాడు వాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా. "పుర్రె సగమే బాగుందిగా. రెండో సగం నుజ్జయిపోయింది. మంచి సగాన్ని తిప్పి అతికించేశా. నీకు చెప్పలేదా?"

"ఏ సగం బాగుంది? కుడా, ఎడమా?"

వాడు పిల్లని ఊరుకోబెట్టి మళ్ళీ ఫోను దగ్గరికొచ్చాడు.

"అబద్ధం చెప్పనక్కా, గుర్తులేదు. స్కాను తలకిందులుగా వచ్చింది. దాన్ని రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పా. అసలు ఫైలు చూస్తే గాని చెప్పలేను."

అసలు ఫైలు వాడి కంప్యూటర్లోనే ఉంది. పోలీసుల షరతు అది, వాడు తప్ప ఇంకెవరూ తెరవడానికి లేదు. సాయంత్రం పిల్లని ఇంట్లో దింపి వస్తానన్నాడు. గొంతు అలా ఉందేంటక్కా అని అడిగాడు. జలుబు అంది.

ఫోను పెట్టేశాక ఆమెకి ఇంకో భయం పట్టుకుంది. సరే, సాయంత్రం మట్టిబాబు వచ్చి కుడో ఎడమో చెబుతాడు. చెల్లి దెబ్బ ఎటువైపు? ఎన్నేళ్ళు కలిసి ఒక మంచం మీద పడుకున్నారు. అయినా ఆ క్షణాన గుర్తురాలేదు. ఎదురుగా కూర్చుని చూసిన మొహం, కుడి ఎడమలు ఎప్పుడు లెక్కపెట్టుకుంది గనక. ఫోన్లో ఉన్న ఫోటోలు తీసి చూసింది. అన్నీ చెల్లి తనే తీసుకున్నవి. ఆ ఫోను కొన్ని ఫోటోల్ని అద్దంలోలా తిప్పేసేది, కొన్నిట్ని తిప్పేది కాదు. దిద్దిన కనుబొమ్మ ఒకదాంట్లో ఇటు, ఒకదాంట్లో అటు. చూసేకొద్దీ తల తిరిగింది. గట్టిగా చెప్పగలిగేది ప్రపంచంలో ఒక్కతే.

ఇల్లు దగ్గరే. భోజనాల వేళకి వెళ్ళింది. అమ్మ ముందుగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఈ వేళప్పుడు వచ్చావేంటే, ఒంట్లో బాలేదా అంది. చార్జరు మర్చిపోయానని చెప్పి రంగులక్క లోపలికెళ్ళి, ఊరికే నిలబడి, బయటికొచ్చింది. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ తిరిగి, చివరికి ఏదో అప్పుడే తోచినట్టు అడిగింది. ఆఫీసులో ఒక ఆట బొమ్మకి కనుబొమ్మ దగ్గర మచ్చ పెట్టాలమ్మా, చెల్లికి ఉండేదే, అలాంటిది. అది ఎటువైపుండేది?

అమ్మ చేతిలో దుప్పటి పక్కన పెట్టింది. లేచి వచ్చింది. చెయ్యి చాచి, తన బొటనవేలు పెద్దకూతురి ఎడమ కనుబొమ్మ మీద పెట్టి నొక్కింది.

"ఇక్కడ," అంది. వేలు తియ్యలేదు. "నిద్రపట్టకపోతే ఇక్కడే నిమిరేదాన్ని."

సరే అయితే అని రంగులక్క తల పక్కకి తిప్పుకోబోయింది. వేలు కదల్లేదు.

"బొమ్మ ఎవరిది?"

ఆటల కంపెనీదని చెప్పింది.

"ఆటల బొమ్మకి నీకు ఇంత చెమటలు పట్టవే," అంది అమ్మ.

అబద్ధం చెప్పడం రంగులక్కకి చేతకాదు. చేతనైనా ఆ వేలు కింద చెప్పలేదు. మొత్తం చెప్పేసింది. కాలవ, పుర్రె, అద్దం బటన్, మట్టిబాబు. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ నోరు పెగలదని. అమ్మ ఏడుస్తుందనుకుంది, కూలబడుతుందనుకుంది. అమ్మ ఆ రెండూ చెయ్యలేదు. వెళ్ళి మిగిలిన బట్టలన్నీ మడతపెట్టింది, అంచుకి అంచు కలిపి, ఎప్పటికంటే జాగ్రత్తగా. ఆఖరి జాకెట్టు కూడా అయ్యాక చేతిసంచీ తీసుకుంది.

"పద," అంది.

నువ్వెందుకమ్మా, నేను కనుక్కుని వచ్చి చెబుతాను అంది కూతురు. నువ్వు చెబితే నేను నమ్మనే అంది అమ్మ. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ఆఫీసులో పెద్దసారు లేడు, ఎవరితోనో మీటింగని బయటికెళ్ళాడు. మిగిలినవాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి బొమ్మల్లో వాళ్ళున్నారు. రంగులక్క తన తెర ఆపేసింది. అమ్మకి కుర్చీ వేస్తే, ఆవిడ దాన్ని ఆపేసిన తెరకి వీపు వచ్చేలా తిప్పుకుని కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది, బస్సులో కూర్చున్నట్టు.

ఇక ఎదురుచూడ్డం. ఏసీ గుయ్యిమంటోంది. ఎవరో దగ్గారు. తలుపు చప్పుడైతే చాలు, ఇద్దరి తలలూ ఒక్కసారి లేచేవి. ఒకసారి నీళ్ళ డబ్బా తెచ్చినవాడు, ఒకసారి ఎవరో కవరిచ్చి పోయినవాడు. మట్టిబాబు రావాలని ఆమెకి ఎంతుందో, రాకూడదని అంత ఉంది. వాడు రానంతసేపూ చెల్లి ఎక్కడో ఒకచోట ఉంటుంది. వాడు వచ్చి ఎడమ అన్న మాట అన్నాడంటే ఇక ఎక్కడా ఉండదు. అమ్మ ఒక్కసారి మాత్రం, ఆ కాలవలో నీళ్ళుండేవా అని అడిగింది. తెలీదమ్మా అంది కూతురు. చెల్లికి నీళ్ళంటే భయం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు.

మట్టిబాబు నవ్వుకుంటూనే వచ్చాడు. మా అమ్మాయి డాక్టరు వేలు కొరికేసిందక్కా, ఇప్పుడు ఆయనకి ఇంకో డాక్టరు కావాలి, అంటూ. అంటూనే కుర్చీలో పెద్దావిడని చూశాడు. తర్వాత రంగులక్క మొహం చూశాడు. వాడి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చెల్లెలి సంగతి వాడికి తెలుసు. కనుబొమ్మ సంగతి తెలీదు, ఇప్పుడు రెండు ముక్కల్లో చెప్పింది. దెబ్బ ఎడమవైపు. నీ మంచి సగం ఎడమదయితే మా చెల్లే.

వాడు ఇంకేమీ అడగలేదు. "కూర్చోండి పిన్నిగారూ," అని, తన కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డు కొట్టాడు. తప్పు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఫైలు పెద్దది, తెరుచుకోవడానికి సమయం పట్టింది. తెర మీద గీత ఒకటి నింపాదిగా నిండుతూ పోయింది. అమ్మ వచ్చి కూతురి వెనక నిలబడింది. కూతురి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుకి రంగులక్కకి భుజం విరిగిపోతుందనిపించింది.

పుర్రె వచ్చింది. బూడిదరంగులో, ఒక పక్క పూర్తిగా, ఒక పక్క పెంకులు పెంకులుగా. తలకిందులుగా ఉంది. మట్టిబాబు దాన్ని నిలబెట్టాడు.

"ఎదురుగా చూస్తే మళ్ళీ కుడి ఎడమలు తికమకపడతాం," అన్నాడు గొంతు తగ్గించి. "వెనక్కి తిప్పుతున్నా. ఇప్పుడు మనం ఆవిడ వెనకాల నిలబడ్డట్టు. మన కుడే ఆవిడ కుడి."

ముగ్గురూ ఆ పిల్ల వెనకాల నిలబడ్డారు. ఎటో వెళుతున్న మనిషిని వెనక నుంచి పిలవబోతున్నట్టుంది. రంగులక్క తన కుడిచెయ్యి ఏదో తనకే అనుమానమొచ్చి, పెన్ను పట్టుకునే వేళ్ళు కదిపి చూసుకుంది.

పెంకులైపోయిన పక్క ఎడమ. బాగున్న పక్క కుడి.

"కుడిదక్కా," అన్నాడు మట్టిబాబు. "నిజమైన సగం కుడిది."

పుర్రెని అలాగే ఉంచి, చూపు మాత్రం కుడి పక్క నుంచి ముందుకి తీసుకెళ్ళి, లైటు వేసి చూపించాడు. కుడి కనుబొమ్మ ఎముక మీద సొట్ట. పెద్దదే. ఎప్పుడో మానిన దెబ్బ.

అమ్మ చెయ్యి భుజం మీంచి లేచింది. ఆవిడ వంగి, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

"నా కూతురికి కుడివైపు నున్నగా ఉంటుంది," అంది. ఇంకోసారి చూసింది. "కాదు. ఇది మన పిల్ల కాదు."

రంగులక్క అక్కడే కింద కూర్చుండిపోయింది. హమ్మయ్య అనుకుంది. అనుకోగానే ఆ మాటకే భయపడింది. తెర మీద ఒక పిల్ల పుర్రె పెట్టుకుని హమ్మయ్య ఏంటి? చెల్లి దొరికిందనీ కాదు, బతికుందనీ కాదు. ఈ కాలవలో లేదు, అంతే. ఇంకా ఎన్ని కాలవలు ఉన్నాయో. భయం పోలేదు, అది కుర్చీ మార్చి కూర్చుందంతే. మట్టిబాబు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. వాడి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. సారీ అక్కా, అద్దం కొట్టానని చెప్పాల్సింది అని గొణిగాడు.

అమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది. రంగు వేసిన బొమ్మ చూపించమంది. వద్దులేమ్మా అని కూతురు ఎంత అన్నా వినలేదు. ఇక చేసేది లేక రంగులక్క లేచి వెళ్ళి తన తెర వెలిగించింది.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది, గొంతులోంచి కాదు, కడుపులోంచి. ఎదురుగా చిన్నకూతురు, ఏదో అడగబోయి మానేసినట్టు. చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో అంత సేపు, అంత దగ్గరగా ఆ మొహాన్ని చూడ్డం అదే మొదలు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ పిల్ల మొహం మీద నా కూతురి మొహం ఎందుకు పెట్టావే?"

రంగులక్క తెర ఆపెయ్యబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది పేపర్లో వేస్తే వాళ్ళమ్మ గుర్తుపడుతుందా? చూసి, మన పిల్ల కాదులే అని పేజీ తిప్పేస్తుంది. ఆ పిల్ల అక్కడే ఉండిపోతుంది." అమ్మ కూతురి వైపు తిరిగింది. "ఎక్కడో ఎవతో మన పిల్లకి కూడా ఇలాగే చేస్తే?"

ఆ మాట రంగులక్క గుండెల్లో రాయిలా పడింది. అన్నాళ్ళూ ఆమె భయమంతా ఈ మొహం చెల్లిది అవుతుందేమోనని. చెల్లిది కాకుండా పోతే ఇంకెవరిదో అవుతుందని, ఆ ఇంకెవరినో తన చెయ్యే చెరిపేస్తోందని ఒక్కసారి కూడా తట్టలేదు.

పెన్ను తీసుకుంది. రంగు పొరలు ఒక్కొక్కటే తీసేసింది. ముందు పెదాల తడి పోయింది, తర్వాత కనుబొమ్మలు, తర్వాత బుగ్గల ఎరుపు. చెల్లి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది. ఒక పొర దగ్గర వేలు ఆగితే, "ఊఁ," అంది అమ్మ. అదీ తీసేసింది. బూడిదరంగు బొమ్మ మిగిలింది. మట్టిబాబు ఎడమ కనుబొమ్మ సొట్టని చదును చేశాడు. ఆ వైపు ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు, తెలియనిది పెట్టకూడదని.

సాయంత్రమైంది. పక్కవాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. ఇక ఇంటికి వెళ్దామా అంది కూతురు. అమ్మ కుర్చీని తెర వైపుకి తిప్పుకుంది.

"వెయ్యి. నేనిక్కడే కూర్చుంటా."

రంగులక్క అద్దం బటన్ ఆపేసి మొదలుపెట్టింది. పసుపు పరిచింది, ఎరుపు అద్దింది. ముక్కు పక్కకి వచ్చేసరికి చెయ్యి దాని అలవాటు ప్రకారం పాత దారినే పోయింది.

"అది మన ముక్కు," అంది అమ్మ. "ఆపు."

చెరిపింది. ఎముక వంక చూసుకుంటూ మళ్ళీ వేసింది. కంటి చివర నీడ దగ్గర ఇంకోసారి ఆపింది అమ్మ, అది మీ నాన్నదే అంది. చెరిపింది. గడ్డం దగ్గర, అది నాది. చెరిపింది. ఆపిన ప్రతిసారీ అమ్మ గొంతులో ఏదో తెగినట్టు వినపడేది. అయినా ఆపడం మానలేదు. మట్టిబాబు కూడా ఇంటికెళ్ళకుండా వెనకాల నిలబడి పుర్రెనీ బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాడు.

పెదవి దగ్గరికి వచ్చింది. రంగులక్కకి అన్నిటికంటే భయమైంది అదే. పెన్ను పొగలా, నొక్కీ నొక్కకుండా పట్టుకుని, పళ్ళ వరస ఎలా ఉంటే అలా, కొంచెం కొంచెం వేసింది. కింది పెదవి సన్నగా వచ్చింది. ఒక మూల కాస్త పైకి లేచింది. వేయడం ఆపి ఎదురుచూసింది.

అమ్మ ఏమీ అనలేదు.

"అమ్మా?"

అమ్మ ముందుకి వంగి చూస్తోంది, గుంపులో తప్పిపోయిన పిల్లని నువ్వెవరింటి పిల్లవమ్మా అని అడగబోతున్నదానిలా.

"ఈ పెదవి నాకు తెలీదు," అంది. "ఉంచు."